విద్యయు వ్యసనమును

లోకమున నేదేని దురాచారము ప్రబలినదని తోచినప్పుడెల్ల, దానిని గూర్చి బడిలో నొక పాఠము చెప్పింపవలయునని పెద్దలు సెలవిచ్చుట మనకు పరిపాటి యైనది. రోడ్లమీద ప్రమాదములు హెచ్చినచో నొక పాఠము, చెరువునీరు చెడినచో నొక పాఠము, మద్యమును గంజాయియు పల్లెలకు ప్రాకినచో మరియొక పాఠము. జూను 26వ తేదీని మాదకద్రవ్య వ్యతిరేక దినముగా ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించినది. ఆనాడు మన బాలబాలికలు అట్టలు చేతబట్టుకొని వీథులవెంట నడచుచున్నారు, ప్రతిజ్ఞలు చేయుచున్నారు, వ్యాసములు వ్రాయుచున్నారు. మంచి వ్యాసమునకు బహుమానమును గలదు. మేము బడిపంతులము గనుక నొక్క మాట చెప్పక తప్పదు: ఆ బహుమానమును గైకొను బాలుడు సాధారణముగా నా యుపదేశ మక్కరలేనివాడే. అక్కర గలవాడు తన సందేహము నెవ్వరి నడుగవలయునో తెలియక యూరకుండును.

కావున విచారింపదగిన ప్రశ్న యిది: చెడ్డదని తెలిసినంతమాత్రమున మనుజుడు మానునా? మానడేని, ఆ చెడుగును గూర్చి పాఠము చెప్పుట ధర్మమా, లేక ధర్మము చేసితిమని మనల మనము నమ్మించుకొనుటకు కల్పించుకొనిన యుపాయమా?

మద్యము కాలేయమును చెరచునని వైద్యునికంటె బాగుగా నెరిగినవాడెవడు? వైద్యులలోను త్రాగువారు లేకపోలేదు. సిగరెట్టుపెట్టెమీద రోగి బొమ్మను చూచుచునే నిప్పు ముట్టించువారిని మనము నిత్యము చూచుచున్నాము. సాయంకాలము మందుదుకాణము ముందు నిలుచున్నవాని నడిగిన యెడల “చెడ్డదని నాకు తెలియదా, పంతులుగారూ!” యని నవ్వుచు బదులు చెప్పును. ఆ మాట యబద్ధము కాదు. అజ్ఞానమే వ్యసనమునకు కారణమైనచో నీతడెన్నడో బాగుపడియుండవలసినవాడు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. తెలిసి యెవ్వడును కీడు చేయడనియు, కీడు చేయువానికి నిజముగా తెలియదనియు గ్రీసుదేశమున సోక్రటీసు వాదించెను. అరిస్టాటిలు తన నీతిశాస్త్రము సప్తమభాగమున నీ మతమును పరిశీలించి, తెలియుటయందు తరతమభేదములు గలవనెను. మత్తులో నున్నవాడు ఎంపెడోక్లీసు పద్యములను వల్లింపగలడు. క్రొత్తగా చదువు మొదలుపెట్టినవాడును వాక్యములను గడగడ నప్పగింపగలడు. అయినను ఆ జ్ఞానము వారిది కాలేదని యాతని యభిప్రాయము. చదువు మనుష్యుని శరీరములో నొక భాగమై యెదుగవలయును. అందులకు కాలము పట్టును. పరీక్షకాగితములు దిద్దు మావంటివారి కీ మాట యథార్థమని వేరుగా నిరూపింప నక్కరలేదు.

మన చరకసంహిత యీ విషయమున మరింత సూక్ష్మముగా చూచినది. రోగములకు మూలమైన దోషములలో ప్రజ్ఞాపరాధ మొకటి యని చెప్పి, దానిని ధీ, ధృతి, స్మృతి యను మూడింటి భ్రంశముగా వివరించినది. ఇది మేలు, ఇది కీడు అని నిర్ణయించునది ధీ. కీడువైపు పరుగిడు మనస్సును నిలిపిపట్టునది ధృతి. తెలిసినదానిని కావలసిన క్షణమున జ్ఞప్తికి తెచ్చునది స్మృతి. బడిలో మనము చెప్పు మద్యపాఠ మీ మూడింటిలో మొదటిదానిని మాత్రమే తాకి తృప్తిపడుచున్నది. పదుగురు స్నేహితులు చుట్టును చేరి గ్లాసు నోటికందించినప్పుడు బాలునికి లోపించునది ధీ కాదు. అప్పుడు “వద్ద”ను మాట గొంతున పెగలవలయును. పెగలిన పిదప నిలువవలయును. దాని నెవ్వరు నేర్పిరి? వ్యసన మను శబ్దమే యీ సంగతిని తెలుపుచున్నది. విసరుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన యా మాటకు, మనుజుని వాని దారినుండి దూరముగా విసరివేయున దని భావము. విసరివేయబడుచున్నవానికి దారి యెటో తెలిసినందున నేమి లాభము? పట్టుకొనుట కొక కొమ్మ కావలయును.

ఉత్త ఉపదేశముయొక్క బలమెంతయో పరీక్షింపబడిన సందర్భములు చరిత్రయందు గలవు. అమెరికాదేశమున మేరీ హంట్ అను నామె నాయకత్వమున, స్త్రీల మద్యనిరోధసంఘము ప్రతి బడిలోను మద్యదోషములను బోధింపవలయునని యుద్యమము సాగించెను. 1882లో వెర్మాంటు రాష్ట్ర మట్టి చట్టమును మొదట చేసెను. 1901 నాటికి దేశమందలి రాష్ట్రములన్నియు చేసెను. పాఠ్యపుస్తకములలో నొక్క చుక్కయు విషమేయని వ్రాయించిరి. 1903లో “యాబదిమంది సంఘ”మని పేరొందిన పండితులు ఆ పుస్తకములను పరిశీలించి, శాస్త్రము పేర నందు చాల యతిశయోక్తులున్నవని ప్రకటించిరి. ఆ పాఠములను చదివిన తరమే పెద్దదై 1920లో దేశమంతట మద్యనిషేధమును దెచ్చెను; ఆ తరము బ్రదికియుండగనే 1933లో దానిని త్రోసివేసెను.

రెండవ సందర్భము మనకు మరింత దగ్గరిది. 1983లో లాసేంజిలీసు నగరమున పోలీసువారు తమ దుస్తులతోనే తరగతులకు వచ్చి, మాదకద్రవ్యముల కీడును బోధించు పద్ధతి యొకటి మొదలై, దేశదేశములకు వ్యాపించినది. డేర్ అని దానికి పేరు. తలిదండ్రులు మెచ్చుకొనిరి, ఉపాధ్యాయులు సంతోషించిరి. అయితే 1994లోను 1999లోను ప్రకటింపబడిన పరిశీలనలవలన తేలిన దేమనగా, ఆ పాఠములను విన్నవారికిని విననివారికిని మత్తుపదార్థములను వాడుటయందు చెప్పుకోదగిన భేదము లేదు. 1999 నాటి పరిశీలన పదియేండ్ల తరువాత ఆ పిల్లలను మరల విచారించి చెప్పినది. ఆ సంస్థయు కొంతకాలమునకు తన పాఠక్రమమును మార్చుకొనినది. మంచి యుద్దేశము గలిగియుండుట వేరు, మంచి ఫలము నిచ్చుట వేరు. మొదటిది రెండవదానికి సాక్ష్యము కాజాలదు.

ఇక్కడ కొందరు, “పిల్లలను కొంచెము భయపెట్టినంతమాత్రమున తప్పేమి? మేలు కొరకు చెప్పిన యతిశయోక్తి దోషమా?” యని యడుగవచ్చును. శాస్త్రము చదివినవారు మీమాంసకుల యర్థవాదమును తోడు దెచ్చుకొనవచ్చును. విధిని మెచ్చించుటకును నిషేధమునందు జుగుప్స కలిగించుటకును చెప్పబడిన మాటల నక్షరార్థమున గ్రహింపరాదు గదా యని వారు వాదింతురు. దీనికి మా సమాధాన మిది. అర్థవాదము వినువాడు దానిని తన కంటితో పరీక్షింప జాలనప్పుడు చెల్లును. మన తరగతిలోని బాలుడో, విన్న పాఠమును ఆ సాయంకాలమే పరీక్షింపగలడు. ఒక్కసారి గంజాయి పీల్చినవాడు పిచ్చివా డగునని మనము చెప్పితిమి. పీల్చిన మిత్రుడు మరునాడు చక్కగా బడికి వచ్చి లెక్కలు చేసెను. ఆ క్షణమున బాలుడు మన మొక్క మాటనే కాదు, ఆ విషయమై మనము చెప్పిన మాటల నన్నిటిని కొట్టివేయును. వానిలో నిజములును ఉన్నవి, అవియు పోయినవి. మనము భయమును పెంచలేదు, నమ్మకమును ఖర్చు చేసితిమి. గురుశిష్యులకు నడుమ నున్న మూలధన మది యొక్కటే.

నిజమునందే కావలసినంత భయము గలదు. దానికి వన్నె పెట్ట నక్కరలేదు. మద్యమును క్యాన్సరు కలిగించు పదార్థములలో మొదటి తరగతియందు 1988లోనే శాస్త్రజ్ఞులు చేర్చిరి. ఎంత కొంచెము త్రాగినను నిరపాయమని చెప్పదగిన మితము లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. మెదడులో నిగ్రహమునకు స్థానమైన భాగము ఇరువదియైదేండ్ల ప్రాయము వచ్చువరకు పక్వమగుచునే యుండును. పదునైదేండ్లలోపల త్రాగుట మొదలిడినవారిలో నూటికి నలువదిమందికి పైగా నెప్పుడో యొకప్పుడు మద్యమునకు బానిసలైరనియు, ఇరువదేండ్లు దాటిన పిమ్మట మొదలిడినవారిలో నట్టివారు నూటికి పదిమందియే యనియు 1997లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలన చెప్పుచున్నది. ముందు త్రాగుటయే దీనికంతకు కారణమని నిశ్చయింపరాదు. త్వరపడి త్రాగువానిని అటు త్రోసిన యితర కారణములు నుండవచ్చును. ఈ మినహాయింపును గూడ పిల్లలకు చెప్పవలయును. చెప్పినచో మన మాటకు బరువు పెరుగునే గాని తరుగదు.

మరియొక సత్యమును దాచరాదు: మత్తు మొదట సుఖముగా నుండును. చరకుడు మదాత్యయమును గూర్చి వ్రాసిన యధ్యాయమున మొదటి మదము హర్షమును ప్రీతిని కలిగించునని సంకోచింపక చెప్పినాడు. పిదప దశలలో నడక తప్పుటను, మాట తప్పుటను, తుదకు కట్టెవలె పడియుండుటను వర్ణించినాడు. దానియం దేమియు సుఖము లేదని చెప్పిన గురువును మొదటి గ్లాసే యబద్ధీకుని చేయును. “సుఖముండును, ఆ సుఖమే యెర, ఎర రుచిగా లేకున్న చేప యేల చిక్కును?” అని చెప్పినవానిని ఆ గ్లాసు సాక్షిగా నిలుపును.

అందరును త్రాగుచున్నారని బాలుడు తలంచుటయు నొక మోసమే. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనలో, పది మొదలు డెబ్బదియైదేండ్ల ప్రాయముగల పురుషులలో మద్యము వాడువారు నూటికి 27 మంది యని తేలినది. అనగా నూటికి 73 మంది వాడనివారే. వారు కేకలు వేయరు, వీథిని పడరు. కనుక లెక్కకు రారు. తెలంగాణమున 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, పదునైదేండ్లు పైబడిన పురుషులలో నూటికి 43 మంది త్రాగుచున్నారు. దేశమున మిక్కిలి హెచ్చైన సంఖ్యలలో నిదియొకటి. అక్కడనైనను త్రాగనివారే యెక్కువ. మగతన మనగా త్రాగుటయే యని నమ్ము పదునాల్గేండ్ల వాని కీ యంకెలు పది భయానకచిత్రములకంటె నెక్కువ మేలు చేయగలవు.

పాఠము నిజముగా ఫలించిన సందర్భ మొకటి మన తెలుగునాటనే కలదు. 1991లో నెల్లూరు జిల్లాయందు వయోజనులకు చదువు నేర్పు నుద్యమము సాగెను. చదువుకొనుటకు వచ్చినవారిలో పెక్కుమంది కూలి చేసికొను స్త్రీలు. వారి వాచకములో, సారాయి త్రాగి చెడిన భర్తయొక్క కుటుంబమును గూర్చి యొక కథ యుండెను. ఆ నాళ్ళలో సారాయి చిన్న చిన్న పాకెట్లలో ఊరూర విక్రయింపబడుచుండెను. కలిగిరి ప్రాంతమందలి దూబగుంట స్త్రీలు తమ యూరి దుకాణమును మూయించిరి. ఆ వార్త జిల్లా యంతయు ప్రాకెను. 1992లో స్త్రీలు సారాయి వేలముపాటలను సాగనీయక యడ్డుకొనిరి. దూబగుంట రోశమ్మ పేరు దేశమునకు తెలిసినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16వ తేదీనుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపబడెను.

ఆ పాఠ మేల ఫలించినది? అందు క్రొత్త జ్ఞాన మేదియు లేదు. భర్త కూలిడబ్బులు త్రాగివేయునని, కొట్టునని ఆ తల్లులకు వాచకము చెప్పవలసినదా? వారికి తెలియనిదొక్కటే: ఇది తన యింటి గ్రహచారము మాత్రమే కాదని. ఒక గదిలో, ఒక దీపము క్రింద, ఇరువదిమంది కలిసి ఆ కథ చదివినప్పుడు, ఎవరి గుండెలో వారు దాచుకొనిన యవమానము అందరికి చెందిన యన్యాయముగా మారినది. మరియు వారి కోపమునకు చేతికందు గురి యొకటి దొరకినది. అది ఊరిమొగదల నున్న దుకాణము. ధీ వారికి ముందే యున్నది. ధృతి యొకరి భుజమువలన మరియొకరికి వచ్చినది. ఆ పిమ్మట నా పాఠమును వాచకమునుండి తొలగించిరి. విద్య పుస్తకములో నున్నంతకాల మెవ్వరికిని బాధ లేదు. అది దుకాణమువరకు నడచిపోయినప్పుడే బాధ.

ఇచ్చట నీ ప్రశ్న యొక్క ముల్లు బయటపడుచున్నది. కౌటిల్యుని యర్థశాస్త్రము ఎనిమిదవ యధికరణమున పానమును కామజవ్యసనములలో చేర్చి రాజును హెచ్చరించును. రెండవ యధికరణమున సురాధ్యక్షు డను నుద్యోగిని నియమించి మద్యవ్యాపారమును రాజుచేతికే యిచ్చును. రెండువేల యేండ్లకు పైబడిన యీ రెండు నాలుకల నీతి నేటికిని మారలేదు. రాజ్యాంగము 47వ యధికరణము మద్యనిషేధమునకు ప్రయత్నింపుమని ప్రభుత్వములను ఆదేశించుచున్నది. మద్యముమీది పన్నో రాష్ట్రముల బొక్కసములకు ముఖ్యాధారములలో నొకటి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరునుండి 2024 అక్టోబరువరకు చిల్లర దుకాణములను ప్రభుత్వమే నడిపెను. ఆ పిదప నవి ప్రయివేటువారి కీయబడెను. ఒక చేత సీసాను, ఒక చేత పాఠమును పట్టుకొనినవాడు బాలునితో నేమని చెప్పుచున్నట్లు? “ఇది చెడ్డది, అయినను నేనమ్ముదును, కొనుటా మానుటా నీ పని, కొని చెడితివా, తప్పు నీది, నీకు పాఠము చెప్పించితిని గదా” యని. అట్టిచోట విద్య నివారణోపాయము కాదు; నేరము తనమీదికి రాకుండ వ్రాయించుకొనిన రసీదు.

అయితే మనుష్యునికి బాధ్యతయే లేదా, అంతయు పరిసరముల తప్పేనా యని యడుగుదురేమో. పరిసరముల బలము మనము తలంచునదానికంటె పెద్దదని మాత్ర మొప్పుకొనవలయును. వియత్నాము యుద్ధమునకు పోయిన అమెరికా సైనికులలో నూటికి దాదాపు ఇరువదిమంది యక్కడ నల్లమందునుండి పుట్టిన హెరాయినువంటి పదార్థములకు బానిసలైరి. వారు స్వదేశమునకు మరలిన పిదప లీ రాబిన్సు అను పండితురాలు పరిశీలింపగా, వారిలో మొదటియేట మరల బానిసలైనవారు నూటికి అయిదుగురు మాత్రమే. యుద్ధభూమి పోయినది, దానితో కోరికకు వేరు తెగినది. ఐస్లాండు దేశమున 1998లో పదునైదు పదునారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో మత్తెక్కునట్లు త్రాగినవారే; 2016 నాటికి వారి సంఖ్య 5కు దిగినది. వారు చేసినదేమి? సాయంకాలములందు ఆటలకు, సంగీతమునకు చోటును సొమ్మును కల్పించిరి. తలిదండ్రులచేత కలిసి నియమములు చేయించిరి. రాత్రివేళ పిల్లలు బయట తిరుగుటకు గంట నిర్ణయించిరి. భయపెట్టు పాఠముమీద వారాధారపడలేదు. బాధ్యత తొలగిపోవుట లేదు, అది పంచబడుచున్నది. చేతిలో నధికార మెంత యున్నదో బాధ్యతయు నంత యుండుట న్యాయము. పదునాల్గేండ్ల బాలుని వంతునకు కొంత వచ్చును. దుకాణమునకు అనుమతి నిచ్చినవాని వంతునకు మరికొంత యెక్కువ రావలయును.

కడపట నొక విషయము కలదు. దానిని వ్యాసకర్తలు సాధారణముగా తలపెట్టరు. ఏ తరగతిలోనైనను త్రాగుబోతు కొడుకో కూతురో కూర్చుండియుండును. త్రాగువాడు పశువనియు, పాపి యనియు మనము గొంతెత్తి చెప్పునప్పుడు, ఆ పిల్ల తల వంచుకొనును. తండ్రి పశువైనచో తానెవ్వరు? రాత్రి కొట్టినవాడే ప్రొద్దున జడవేసి బడికి పంపెనేమో; ఆ సంగతి మన పాఠములో లేదు. వ్యసనము పాపమన్నచో దయకు చోటు లేదు, రోగమన్నచో బాధ్యతకు చోటు లేదు, ఏది చెప్పవలయును? రెండును కాలభేదముచేత నిజములని మా యభిప్రాయము. మొదటి గ్లాసునొద్ద మనుజుడు చాలవరకు స్వతంత్రుడు. వెయ్యవ గ్లాసునొద్ద, ఏ ధృతితో మానవలయునో ఆ ధృతినే మద్యము తినివేసియుండును. కాలు విరిగినవానిని నడిచి వైద్యునియొద్దకు పొమ్మనుటయు వానిని మానుమనుటయు నొక్కటే. వాని నెత్తుకొనిపోవలయును. కావున ఆ పిల్లతో నిట్లు చెప్పవలయును: “మీ నాన్నది రోగము, దానికి చికిత్స గలదు, 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. ఆ రోగము నీ తప్పువలన రాలేదు, నీ మంచితనమువలన పోదు.” ఆ పిల్ల పెద్దదైనప్పుడు మరియొక నిజమును తెలుపవలయును: ఈ లోబాటు దాదాపు సగము వంశానుగతమని కవలలను గూర్చిన పరిశీలనలు చెప్పుచున్నవి గనుక, ఇతరులకంటె తా నెక్కువ జాగరూకత వహింపవలయునని. ఇది భయపెట్టుట కాదు. వారసులకు ఆస్తియొక్క లెక్కతోపాటు అప్పుయొక్క లెక్కయు చెప్పుట.

కావున విద్యను మానుమని మేము చెప్పుట లేదు. విద్య యను పేరునకు తగినదానిని చేయుడని కోరుచున్నాము. అది యేటికొక దినమున జరుగు నూరేగింపు కారాదు. ఆరేడు తరగతులనుండి, వారమువారము, చిన్నచిన్న సందర్భములను కల్పించి, కాదనుటను నోటితో అభ్యసింపజేయవలయును. ఎక్కము వల్లెవేయనివానికి లెక్క రానట్లే, అభ్యసింపని ధృతి యక్కరకు రాదు. చెప్పునది నిజమై యుండవలయును, తెలియనిచోట తెలియదనవలయును. తలిదండ్రులను పిలిచి కూర్చుండబెట్టవలయును. చీకటిపడు వేళకు ఊరిలో బాలునికి మందుదుకాణముకంటె వేరొక వెలుతురు గల చోటు, గ్రంథాలయమో, ఆటస్థలమో, భజనమందిరమో, ఉండవలయును. పాఠము చెప్పుట మా పని. దానిని మేము చేయుదుము. ఆ పాఠము సాయంకాలమునకు అబద్ధము కాకుండ చూచుకొనుట ఊరివారి పనియు, ఊరిని పాలించువారి పనియు.